ఇంధనం మారితే ట్యాంకే మారాలి: ఆయిల్ ఓడల కొత్త లెక్క, పాలమూరుకు దాంతో పనేంటి?

పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలిపి అమ్ముతున్నప్పటి నుంచి బైక్ ఉన్న ప్రతి ఇంట్లో రెండు అనుమానాలు. మైలేజీ ఎందుకు తగ్గింది? ట్యాంకులోకి నీళ్లు చేరితే ఏమవుతుంది? రెండూ న్యాయమైన ప్రశ్నలే. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ. పైగా అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే పాత బండ్లలో రబ్బరు పైపులు, ట్యాంకు లోపలి తుప్పు గురించి మెకానిక్‌లు జాగ్రత్తలు చెబుతున్నారు.

ఇంధనం కొంచెం మారితేనే పది లీటర్ల ట్యాంకుకు ఇన్ని సమస్యలు వస్తే, మూడు ఫుట్‌బాల్ మైదానాల పొడవుండే ఆయిల్ ఓడకు ఇంధనం పూర్తిగా మార్చాల్సి వస్తే పరిస్థితి ఏంటి? ప్రపంచంలో ఓడలు కట్టే వాళ్లందరి ముందూ ఇప్పుడు ఉన్న ప్రశ్న ఇదే. సముద్రం మొఖం చూడని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు దీంతో ఏం సంబంధం అనుకోవచ్చు. సంబంధం ఉంది. అది బంకు దగ్గర మొదలై, యూరియా బస్తా మీదుగా ఊరి భూమి, నీళ్ల దాకా వస్తుంది.

మన బంకు వెనుక ఉన్న ఓడ

దేశానికి కావాల్సిన ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తోంది. గల్ఫ్ దేశాల నుంచి, ఇంకా దూరాల నుంచి ఓడల్లో తెస్తారు. ఇలా వచ్చే చమురును శుద్ధి చేసే రిఫైనరీల్లో విశాఖపట్నంలోని హెచ్‌పీసీఎల్ రిఫైనరీ ఒకటి. అక్కడ తయారైన పెట్రోల్, డీజిల్ విశాఖ–విజయవాడ–సికింద్రాబాద్ పైప్‌లైన్‌లో హైదరాబాద్ దాకా వస్తాయి. డిపోల నుంచి బంకులకు చేర్చేది ట్యాంకర్ లారీలు. కొత్తకోట, పెబ్బేరు, ఎర్రవల్లి చౌరస్తాల మీదుగా 44వ నంబర్ జాతీయ రహదారిపై అవి రోజూ కనిపించేవే.

ఆ లారీనే ఒకసారి గమనించండి. దానికి రెండు రకాల ట్యాంకులు ఉంటాయి. వెనుక ఉన్న పెద్ద ట్యాంకులో ఉండేది సరుకు. ఛాసిస్ పక్కన ఉన్న చిన్న ట్యాంకులో ఉండేది లారీ నడవడానికి కావాల్సిన డీజిల్. ఓడకూ అంతే. అతి పెద్ద ఆయిల్ ఓడలను వీఎల్‌సీసీలు అంటారు. పొడవు సుమారు 330 మీటర్లు, వెడల్పు 60 మీటర్లు. ఒక్కో దాంట్లో దాదాపు 20 లక్షల బ్యారెళ్ల ముడి చమురు పడుతుంది. అది సరుకు. ఓడను నడిపించే ఇంధనం వేరే ట్యాంకుల్లో, ఎక్కువగా వెనుక భాగంలో ఇంజిన్ రూం దగ్గర ఉంటుంది. ఇక్కడ మాట్లాడుతున్నది ఈ రెండో రకం ట్యాంకు గురించే.

ఎందుకు మార్చాలి?

ఓడలు ఇన్నేళ్లుగా తాగింది బంకర్ ఆయిల్. రిఫైనరీలో పెట్రోల్, డీజిల్, కిరోసిన్ తీసేశాక అడుగున మిగిలే చిక్కటి మడ్డి అది. వేడి చేస్తే తప్ప పైపులో పారదు. చౌకగా దొరుకుతుంది, తక్కువ జాగాలో ఎక్కువ శక్తి ఇస్తుంది. కానీ పొగలో గంధకం ఎక్కువ. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, అంటే ఐఎంఓ, 2020 జనవరి 1 నుంచి ఓడ ఇంధనంలో గంధకాన్ని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి దించింది. అదే సంస్థ 2023లో ఇంకో పెద్ద లక్ష్యం పెట్టుకుంది. 2050 నాటికి, లేదా ఆ దరిదాపుల్లో, ఓడల వల్ల వాతావరణంలో చేరే గ్రీన్‌హౌస్ వాయువుల లెక్క సున్నాకు రావాలి.

ఆ లక్ష్యానికి డబ్బు రూపంలో పళ్లు పెట్టే నిబంధనలకు 2025 ఏప్రిల్‌లో ప్రాథమిక ఆమోదం దొరికింది. కానీ అక్టోబర్‌లో జరగాల్సిన తుది నిర్ణయం దేశాల మధ్య గొడవతో ఏడాది వాయిదా పడింది. ఓడ యజమానులకు తలనొప్పి ఇక్కడే. ఒక ఓడ 20, 25 ఏళ్లు నడుస్తుంది. ఈరోజు ఆర్డర్ ఇచ్చిన ఓడ 2050 ప్రాంతంలో కూడా సముద్రం మీదే ఉండొచ్చు. అప్పటికి ఏ ఇంధనం ఏ రేవులో దొరుకుతుందో తెలియదు. కానీ ట్యాంకు మాత్రం ఇప్పుడే కట్టాలి.

ట్రాక్టర్ ట్యాంకర్లతో లెక్క

ఇంధనాలను పోల్చడానికి మన ఊళ్లో తిరిగే 5 వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్‌ను కొలతగా పెట్టుకుందాం. ఒక పెద్ద ఆయిల్ ఓడ రోజుకు 60 టన్నుల బంకర్ ఆయిల్ కాలుస్తూ 40 రోజులు నడవాలనుకుందాం. అంటే 2,400 టన్నులు. ఇది సుమారు 500 ట్రాక్టర్ ట్యాంకర్లలో పడుతుంది.

అంతే శక్తి కావాలంటే ద్రవ రూపంలోని సహజ వాయువు, అంటే ఎల్‌ఎన్‌జీ, సుమారు 900 ట్యాంకర్లు కావాలి. ఇథనాల్ అయినా దాదాపు అంతే. మిథనాల్ అయితే 1,200 దాటుతుంది. అమ్మోనియా అయితే 1,500 ట్యాంకర్లు. ఇది కేవలం ద్రవం లెక్క. ట్యాంకు చుట్టూ ఉండే గోడలు, చలి బయటికి పోకుండా కట్టే పొరలు, ఆవిరి కోసం పైన వదలాల్సిన ఖాళీ కలిపితే ఇంకా పెరుగుతుంది.

అందుకే "ఇంజిన్ మారిస్తే సరిపోతుంది కదా" అనే మాట ఓడల దగ్గర చెల్లదు. రెండు రకాల ఇంధనాలతో నడిచే ఇంజిన్లు ఇప్పటికే ఉన్నాయి. అసలు చిక్కు, ఆ ఇంధనాన్ని ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి అన్నదే. ట్యాంకు పెద్దదైతే సరుకు తగ్గాలి, లేదంటే ఓడ మధ్యలో ఎక్కువసార్లు ఆగి నింపుకోవాలి. ఎలా చూసినా ఖర్చే.

ఎల్‌ఎన్‌జీ: చలిని కాపాడటమే పని

సహజ వాయువును మైనస్ 162 డిగ్రీల దాకా చల్లబరిస్తే ద్రవంగా మారి, 600 వంతుల జాగా ఒక వంతుకు వస్తుంది. ఆ చలిని నెలల తరబడి కాపాడటం ఎలా? జవాబు మన పశువుల ఆసుపత్రిలోనే ఉంది. ఆవులకు, గేదెలకు సెమెన్ సూదులు వేసే వాళ్లు తెచ్చే అల్యూమినియం క్యాన్‌లో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ ఉంటుంది. రెండు గోడలు, మధ్యలో గాలి తీసేసిన ఖాళీ. బయటి వేడి లోపలికి పోదు. ఓడ మీది ఎల్‌ఎన్‌జీ ట్యాంకులోనూ సూత్రం అదే, వేడిని బయటే ఆపడం. పెద్ద ట్యాంకులకు వాక్యూమ్ బదులు దళసరి నురుగు పొరలు చుడతారు.

ఎంత కట్టుదిట్టం చేసినా కొంత వేడి లోపలికి పోతూనే ఉంటుంది. కొంత ద్రవం ఆవిరవుతుంది, పీడనం పెరుగుతుంది. ఓడ నడుస్తుంటే ఆ ఆవిరిని ఇంజిన్ కాల్చేస్తుంది. మరి ఓడ ఆగి ఉంటే? గ్యాస్ ఇంధన ఓడలకు 2017 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఐజీఎఫ్ కోడ్ దీనికి ఒక పరీక్ష పెట్టింది. నిండు ట్యాంకుతో ఓడ ఊరకే నిలబడినా, 15 రోజుల పాటు సేఫ్టీ వాల్వు తెరుచుకునేంత పీడనం రాకుండా చూసుకోవాలి. ట్యాంకు గోడ మందం, చుట్టే పొర, వాల్వు ఏ పీడనానికి తెరవాలి అన్న నిర్ణయాలపై ఈ ఒక్క నిబంధన ప్రభావం చాలా ఎక్కువ.

ఇంకో ప్రమాదం ఉక్కుకు. మామూలు ఓడ ఉక్కు మీద ఎల్‌ఎన్‌జీ పడితే అది గాజులా పెళుసై పగులుతుంది. అందుకే ట్యాంకుకు 9 శాతం నికెల్ కలిపిన ఉక్కు, స్టెయిన్‌లెస్ స్టీల్, లేదా ఈ మధ్య వచ్చిన మాంగనీస్ ఎక్కువున్న ఉక్కు వాడతారు. కారే అవకాశం ఉన్న జాయింట్ల కింద స్టెయిన్‌లెస్ పళ్లేలు పెడతారు. లీకు పడినా కింద డెక్‌కు తగలకూడదు.

ఎల్‌ఎన్‌జీతోనూ నడిచే తొలి వీఎల్‌సీసీ 'యువాన్ రుయ్ యాంగ్' 2022 ఫిబ్రవరిలో చైనాలోని దాలియన్‌లో తయారై బయటికొచ్చింది. దాని డెక్ మీద గొట్టాల ఆకారంలో రెండు పెద్ద ఎల్‌ఎన్‌జీ ట్యాంకులు ఉన్నాయి. ఇంజనీరింగ్‌పరంగా అది గెలుపే. వాతావరణం లెక్కలో మాత్రం ఎల్‌ఎన్‌జీ సగం పరిష్కారమే. అది కూడా భూమి నుంచి తవ్విన ఇంధనమే. కాలకుండా తప్పించుకునే కొద్దిపాటి మీథేన్ కూడా కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది.

మిథనాల్, ఇథనాల్: ట్యాంకు సులువు, జాగ్రత్త వేరు

ఆల్కహాల్ ఇంధనాల పెద్ద సౌకర్యం, మామూలు వేడిలో ద్రవంగానే ఉండటం. థర్మాస్ లాంటి ట్యాంకు అక్కర్లేదు. ఓడ శరీరంలోనే ఒక గదిని ట్యాంకుగా మార్చుకోవచ్చు. 2015లో స్వీడన్‌కు చెందిన 'స్టెనా జర్మానికా' అనే ప్రయాణికుల ఓడను మిథనాల్‌తో నడిచేలా మార్చి ఇది సాధ్యమేనని చూపించారు. ఐఎంఓ 2020లో ఇచ్చిన తాత్కాలిక మార్గదర్శకాలు మిథనాల్, ఇథనాల్ రెండింటికీ వర్తిస్తాయి. అంటే పాలమూరులో గొడవకు కారణమైన ఇథనాల్, రేపు ఓడ ట్యాంకులోకి వెళ్లడానికి నిబంధనల దారి ఇప్పటికే తెరిచి ఉంది.

ట్యాంకు సులువే కానీ ఇంధనం అమాయకమైంది కాదు. సుమారు 12 డిగ్రీల వేడికే మిథనాల్ నుంచి అంటుకునే ఆవిరి వస్తుంది. పగటి వెలుతురులో దాని మంట కంటికి సరిగా కనిపించదు. తాగితే చూపు, ప్రాణం రెండూ పోతాయి. కల్తీ సారా తాగి జనం చనిపోయారన్న వార్తల్లో తరచుగా వినిపించే పేరు ఈ మిథనాల్‌దే.

అందుకే ట్యాంకు చుట్టూ 'కాఫర్‌డ్యామ్' అనే ఖాళీ గది వదులుతారు. రెండు ఇళ్ల మధ్య సందు లాంటిది అది. ఒక గోడ కారినా ఇంధనం నేరుగా ఇంజిన్ రూంలోకో, మనుషులుండే గదిలోకో పోకూడదు. నీటి మట్టం కింద ఓడ బయటి గోడనే ట్యాంకు గోడ అయిన చోట మాత్రం ఈ సందు అవసరం లేదని మార్గదర్శకాలు అంటాయి. అక్కడ కారితే మిథనాల్ సముద్రంలో కలిసి త్వరగా పలుచబడుతుంది. ట్యాంకులో పైన మిగిలిన ఖాళీని గాలితో కాకుండా నైట్రోజన్‌తో నింపుతారు, నిప్పుకు ఆక్సిజన్ దొరకకుండా. లోపలి గోడకు జింక్ సిలికేట్ పూత వేస్తారు. కంటికి కనిపించని మంటను పట్టుకోవడానికి వేడిని చూసే కెమెరాలు పెడతారు.

అమ్మోనియా: పొగలో కార్బన్ లేదు, విషం ఉంది

అమ్మోనియాలో కార్బనే లేదు. కాలితే కార్బన్ డయాక్సైడ్ రాదు. మైనస్ 33 డిగ్రీలకే ద్రవంగా మారుతుంది కాబట్టి ఎల్‌ఎన్‌జీ అంత చలి అక్కర్లేదు. లేదంటే చల్లబరచకుండా పీడనంతోనూ ఉంచొచ్చు. కానీ 45 డిగ్రీల ఎండలో ఆ పీడనం సుమారు 18 బార్. లారీ టైరులో పట్టే గాలికి రెట్టింపు కంటే ఎక్కువ. దానికి దళసరి గోడల గుండ్రటి ట్యాంకు కావాలి.

పాత ఐస్ ఫ్యాక్టరీల దగ్గర నివసించిన వాళ్లకు అమ్మోనియా ఘాటు తెలుసు. గాలిలో పది లక్షల పాళ్లకు 25 పాళ్లు మించిన చోట మనుషులు ఎనిమిది గంటలు పనిచేయకూడదని అమెరికా ఆరోగ్య సంస్థ సిఫార్సు. 300 పాళ్లు చేరితే వెంటనే ప్రాణాపాయం కింద లెక్క. ఓడలో లీకైతే పారిపోవడానికి రోడ్డు ఉండదు. ఇరవై, పాతిక మంది సిబ్బంది తినేది, పడుకునేది ఆ ట్యాంకుకు కొద్ది దూరంలోనే.

దీనివల్ల డిజైన్ మొత్తం మారుతుంది. గాలి లోపలికి తీసుకునే గొట్టాలు ఎటు తిరగాలి? సేఫ్టీ వాల్వు నుంచి వచ్చే వాయువు గాలివాటుగా పడక గదుల వైపు వస్తుందా? లీకైతే సిబ్బంది దాక్కునే సురక్షిత గది ఎక్కడ? పైపులన్నీ రెండు గోడలతోనే ఉండాలి. రాగి, ఇత్తడి భాగాలను అమ్మోనియా తినేస్తుంది కాబట్టి వాటిని వాడకూడదు. మామూలు ఉక్కులో కూడా సన్నటి పగుళ్లు రావచ్చు. దాన్ని ఆపడానికి అమ్మోనియాలో 0.2 శాతం నీళ్లు కలపడం పరిశ్రమలో పాత అలవాటు. బైక్ ట్యాంకులో నీళ్లు సమస్య, ఇక్కడ అదే నీళ్లు మందు.

అమ్మోనియా ఇంధన ఓడలకు ఐఎంఓ తాత్కాలిక మార్గదర్శకాలు 2024 డిసెంబర్‌లో ఆమోదం పొందాయి. ప్రయోగాలు చిన్న ఓడలతో మొదలయ్యాయి. జపాన్‌లో 'సకిగాకే' అనే టగ్ బోటు 2024లోనే అమ్మోనియాతో నడిచింది. పెద్ద ఆయిల్ ఓడల విషయంలో చాలామంది యజమానులు మధ్యే మార్గం పట్టారు. ఇప్పటికి పాత ఇంధనంతోనే నడిపి, రేపు కొత్త ట్యాంకు పెట్టడానికి డెక్ మీద జాగా, కింద బలం ముందే వదిలి కట్టించుకుంటున్నారు. వీటిని 'రెడీ' ఓడలు అంటున్నారు. మున్ముందు పై అంతస్తు వేయాలని పిల్లర్ల చువ్వలు వదిలిన ఇల్లు లాంటివి ఇవి.

ఎక్కడ పెట్టాలి?

కంటైనర్ ఓడతో పోలిస్తే ఆయిల్ ఓడకు ఒక అదృష్టం ఉంది. పైన విశాలమైన డెక్ ఖాళీగా ఉంటుంది. అందుకే కొత్త ట్యాంకులు ఎక్కువగా డెక్ మీదే, సిబ్బంది ఉండే భవనానికి ముందు భాగంలో కనిపిస్తాయి. కానీ ఆ డెక్ కింద ఉన్నది లక్షల బ్యారెళ్ల ముడి చమురు. కింద నిప్పు అంటుకుంటే పైన ట్యాంకు కాగిపోకూడదు. అందుకే నీళ్లు చల్లే ఏర్పాటు, నిప్పును ఆపే పొరలు.

ఇంకో ఓడ వచ్చి గుద్దితే? ఐజీఎఫ్ కోడ్ ప్రకారం గ్యాస్ ఇంధన ట్యాంకు ఓడ అంచు నుంచి కనీసం వెడల్పులో అయిదో వంతు, లేదా 11.5 మీటర్లు, ఏది తక్కువైతే అంత లోపలికి ఉండాలి. 60 మీటర్ల ఓడకు అయిదో వంతు 12 మీటర్లు కాబట్టి 11.5 మీటర్ల గీత వర్తిస్తుంది. ఎత్తుకూ హద్దు ఉంది. ఓడ నడిపే వ్యక్తికి ముందున్న సముద్రం కనిపించాలి. ఓడ పొడవుకు రెండింతలు లేదా 500 మీటర్లు, ఏది తక్కువైతే అంతకు మించిన దూరం దాకా నీళ్లు కనిపించకుండా పోకూడదు.

సగం నీళ్లున్న ట్రాక్టర్ ట్యాంకర్ మలుపులో ఎలా ఊగుతుందో ఊళ్లో అందరూ చూసిందే. నిండుగా ఉన్నప్పుడు లేని ఊపు సగం ఖాళీ అయ్యాక వస్తుంది. ఓడ ఇంధన ట్యాంకు ప్రయాణం మొత్తం ఖాళీ అవుతూనే ఉంటుంది. అలల మీద ఆ ద్రవం గోడలను కొడుతుంది. దాన్ని విరగ్గొట్టడానికి లోపల చిల్లుల పలకలు పెడతారు. ఇక 330 మీటర్ల ఓడ అలల మీద విల్లులా వంగుతుంది. చల్లటి ట్యాంకు మాత్రం ముడుచుకుంటుంది. రెండింటినీ గట్టిగా బిగిస్తే ఏదో ఒకటి చిట్లుతుంది. అందుకే గొట్టం ఆకారపు ట్యాంకును రెండు పీటల మీద కూర్చోబెట్టి, ఒకదానికి బిగించి, రెండో దాని మీద జరిగేలా వదులుతారు. రైల్వే వంతెన గర్డర్ల కింద ఉండే ఏర్పాటూ ఇలాంటిదే.

ఈ పని చేసేది ఎవరు?

ఇవన్నీ ఎక్కడో కొరియా, చైనాల్లో జరిగే పనులు అని వదిలేయనక్కర్లేదు. విశాఖలో 1941లో పునాది పడిన హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఉంది. అక్కడ తయారైన 'జల ఉష' ఓడను 1948 మార్చిలో నెహ్రూ నీళ్లలోకి దింపారు. ఇండియన్ మారిటైం యూనివర్సిటీ విశాఖ క్యాంపస్‌లో, ఆంధ్రా యూనివర్సిటీలో ఓడల డిజైన్ చదువులు ఉన్నాయి. వనపర్తి రాజా వారి ప్యాలెస్‌లో నడుస్తున్న ప్రభుత్వ పాలిటెక్నిక్ నుంచి, వనపర్తి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి బయటికొచ్చే మెకానికల్ పిల్లలకు ఇది కొత్త రంగం. పీడన పాత్రలు, వెల్డింగ్, చలికి తట్టుకునే లోహాలు, లీకు పరీక్షలు అన్నీ వాళ్ల సిలబస్ చుట్టుపక్కల విషయాలే.

ఓడ ఎక్కాలనుకునే వాళ్లకు మెకానికల్ డిగ్రీ తర్వాత ఏడాది మెరైన్ ఇంజనీరింగ్ కోర్సు ఉంది. గ్యాస్, ఆల్కహాల్ లాంటి త్వరగా అంటుకునే ఇంధనాల ఓడల్లో పనిచేయాలంటే దానికి సంబంధించిన ప్రత్యేక శిక్షణ సర్టిఫికెట్ 2017 నుంచి తప్పనిసరి. ఒక హెచ్చరిక కూడా అవసరం. ఓడ ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు అడిగే ఏజెంట్లు చాలామంది. డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్స్ నంబర్ లేని ఏజెన్సీకి రూపాయి కూడా ఇవ్వకూడదు. లైసెన్స్ ఉన్న ఏజెన్సీ కూడా ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

ట్యాంకు రెండో కొస ఊళ్లో ఉంది

ఓడ ట్యాంకు నింపాలంటే ఆ ఇంధనం ఎక్కడో తయారు కావాలి. అమ్మోనియానే తీసుకోండి. యూరియా తయారయ్యేది దాంతోనే. 45 కిలోల యూరియా బస్తాకు సుమారు 26 కిలోల అమ్మోనియా పడుతుంది. పైన లెక్కేసిన 40 రోజుల ప్రయాణానికి ఓడకు దాదాపు 5,200 టన్నుల అమ్మోనియా కావాలి. అంటే ఒక్క ఓడ, ఒక్కసారి నింపుకుంటే, దాదాపు 2 లక్షల యూరియా బస్తాలకు సరిపడా అమ్మోనియా. 2025 వానాకాలంలో యూరియా కోసం తెల్లవారకముందే సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టిన రైతుకు ఈ అంకె బరువు వేరే చెప్పక్కర్లేదు.

ఓడల కోసం అనుకుంటున్నది సోలార్, గాలి కరెంటుతో కొత్తగా చేసే 'గ్రీన్' అమ్మోనియా, పొలానికి వచ్చే దాన్ని లాక్కోవడం కాదు అన్నది పరిశ్రమ మాట. విశాఖ దగ్గర పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. కాకినాడలో గ్రీన్ అమ్మోనియా ప్రాజెక్టును హైదరాబాద్‌కు చెందిన ఏఎం గ్రీన్ చేపట్టింది. ఆ మాట నిలవాలంటే కొత్త ఉత్పత్తి నిజంగా కొత్తగా రావాలి. ఉన్న అమ్మోనియాకే ఇంకో కొనుగోలుదారుడు తోడైతే ఎరువు ధర, దాని సబ్సిడీ భారం పెరుగుతాయి.

ఇథనాల్ కథ ఇంకా దగ్గరిది. తుంగభద్ర ఒడ్డున గద్వాల జిల్లా రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. 2025 జూన్‌లో అది ఘర్షణ, కేసులు, అరెస్టుల దాకా వెళ్లింది. అంతకు ముందు పక్కనే నారాయణపేట జిల్లా చిత్తనూరులోనూ ఇదే గొడవ. జనం అడుగుతున్నవి సూటి ప్రశ్నలు. నీళ్లు ఎన్ని తీసుకుంటారు? వాసన, వ్యర్థాలు ఎటు పోతాయి? పొలాలు, తాగునీరు ఏమవుతాయి? పెట్రోల్‌లో కలపడానికే ఇథనాల్ చేసే ధాన్యం ఫ్యాక్టరీలకు, వ్యర్థ జలాలు బయటికి వదలకూడదన్న షరతు మీద, ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేకుండా కేంద్ర పర్యావరణ శాఖ 2021లో వెసులుబాటు ఇచ్చింది. గొడవలకు మూలాల్లో ఇదీ ఒకటి.

ఓడ దగ్గర పద్ధతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఐజీఎఫ్ కోడ్ ప్రకారం కొత్త ఇంధనం వాడే ఓడకు ముందే రిస్క్ లెక్క కట్టాలి. డిజైనర్లు, ఇంజిన్ వాళ్లు, ఓడ నడిపిన అనుభవం ఉన్న వాళ్లు ఒక గదిలో కూర్చుని ఒక్కో పైపు దగ్గర "ఇది లీకైతే?" "ఈ వాల్వు తెరుచుకోకపోతే?" "అప్పుడు మనిషి ఎక్కడ ఉంటాడు?" అని అడుగుతారు. దొరికిన జవాబును బట్టి డ్రాయింగ్ మారుతుంది. ఉక్కు కోయడం ఆ తర్వాతే. ఇన్నేళ్ల చమురు ప్రమాదాలు నేర్పిన పాఠం ఇది. 1989లో అలాస్కాలో 'ఎక్సాన్ వాల్డెజ్' ఓడ రాయికి గుద్దుకుని సముద్రం నల్లబడ్డాకే ఆయిల్ ఓడలకు రెండు గోడలు తప్పనిసరి అయ్యాయి. ముందే అడిగి ఉంటే తక్కువలో పోయేది.

పాతిక మంది సిబ్బంది కోసం ఇన్ని ప్రశ్నలు వేసే లోకం, అదే ఇంధనం తయారయ్యే చోట వేల మంది ఉండే ఊరిని కూడా అంతే ఓపికగా అడగాలి. ఏ ఇంధనం గెలుస్తుందో ఇంకా తేలలేదు. ఒకటి మాత్రం తేలిపోయింది. బరువు లేని ఇంధనం లేదు. ఎల్‌ఎన్‌జీ బరువు చలి మీద, అమ్మోనియా బరువు సిబ్బంది ఊపిరి మీద, ఇథనాల్ బరువు భూమి, నీళ్ల మీద పడుతుంది. ట్యాంకు గీసే ఇంజనీరు ఆ బరువు ఎక్కడ పడుతుందో ముందే రాసి చూపిస్తాడు. ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చే వాళ్లు కూడా అదే కాగితం ఊరి ముందు పెట్టాలని అడగడం అభివృద్ధికి అడ్డుపడటం కాదు. డిజైన్‌లో అది మొదటి పని.